పశువు వెంట నడక: మధుమేహ చికిత్సా చరిత్రలో జంతు సాహచర్యం – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల అన్వయం

వ్యాససంగ్రహం

మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవడానికి నడక అవసరమన్న విషయం ఇవాళ అందరికీ తెలుసు. అయినా మొదలుపెట్టిన నడకను ఏళ్ల తరబడి కొనసాగించేవారు తక్కువ. శిక్షణ పొందిన కుక్కతో కలిసి రోగిని నడిపించే పద్ధతి ఈ సమస్యకు ఆధునిక వైద్యం ఆలోచిస్తున్న పరిష్కారాల్లో ఒకటి. ఇది పాశ్చాత్యుల కొత్త ఆలోచనగా ప్రచారంలో ఉంది. అయితే ప్రమేహరోగి పశువుల వెంట నడవాలన్న విధి సుశ్రుతసంహితలోనే కనిపిస్తుంది. మంద వెంట, కుక్కతో కలిసి నడవడం నల్లగొండ ప్రాంత గొల్ల, కురుమల జీవనంలో భాగంగా ఉంటూ వచ్చింది. ఈ వ్యాసం ఆ రెండు మూలాలను, ఆధునిక వైద్యచరిత్రలో శునకం పాత్రను పరిశీలించి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలకు వాటిని అన్వయిస్తుంది. నడకను నిలబెట్టేది ఉపదేశం కాదని, మరో ప్రాణి పట్ల ఉండే బాధ్యత అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మధుమేహం, ప్రమేహం, సుశ్రుతుడు, నడక, చికిత్సా శునకం, గొల్ల–కురుమలు, పెద్దగట్టు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ

1. ఉపోద్ఘాతం

తెలుగునాట మధుమేహాన్ని జనం ‘షుగరు’ అంటారు. ఒకప్పుడు సంపన్నుల జబ్బుగా పేరుపడిన ఈ వ్యాధి ఇప్పుడు హమాలీ, రైతు, ఉపాధ్యాయుడు, గృహిణి అన్న తేడా లేకుండా అందరిలో కనిపిస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి 1972–75 మధ్య జరిపిన సర్వేలో మధుమేహుల సంఖ్య నగరాల్లో సుమారు 2 శాతం, గ్రామాల్లో 1.5 శాతంగా తేలింది. 2000లో ఆరు మహానగరాల్లో జరిగిన సర్వేలో అత్యధికంగా 16.6 శాతం నమోదైనది హైదరాబాదులోనే. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనం 13.2 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు చూపింది. నగరానికీ గ్రామానికీ మధ్య ఉన్న అంతరం ఒక తరం కాలంలోనే చెరిగిపోతూ వచ్చిందని ఈ అంకెలు సూచిస్తున్నాయి. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు ఉన్నారని అంచనా వేసింది.

ఈ మార్పుకు ఆహారం, వంశపారంపర్యం, మానసిక ఒత్తిడి వంటి కారణాలు అనేకం ఉన్నాయి. వాటిలో శారీరక శ్రమ తగ్గడం, ముఖ్యంగా నడక తగ్గడం ఒక ప్రధాన కారణం. మనిషి నడకకు చరిత్ర ఉంది. ఆ నడకలో మనిషి వెంట ఉన్న జంతువుకూ చరిత్ర ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాచీన వైద్యగ్రంథాల్లో నడక, పశు సాహచర్యం

ఆయుర్వేదం చెప్పిన ప్రమేహం విస్తృతమైన వర్గం. ఇరవై రకాల ప్రమేహాల్లో మధుమేహం ఒకటి. అందువల్ల ప్రమేహాన్నీ నేటి డయాబెటిస్‌నూ పూర్తిగా ఒకటిగా భావించడం సరికాదు. అయినా మూత్రానికి చీమలు చేరడాన్ని ప్రాచీన వైద్యులు గుర్తించారు. ఈ పరిశీలనను బట్టి నేటి వ్యాధి లక్షణాలు వారికి కొంతవరకు పరిచితమేనని చెప్పవచ్చు.

వ్యాధి కారణాలను చెప్పేటప్పుడు చరకుడు సుఖంగా కూర్చోవడాన్ని, సుఖంగా నిద్రించడాన్ని ముందు పేర్కొన్నాడు. ఆ తరువాతే పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాల వంటి ఆహారాలను లెక్కించాడు. పగటినిద్ర, వ్యాయామం లేకపోవడం, సోమరితనం సుశ్రుతుడు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. అంటే శరీరం కదలకపోవడాన్ని ఇద్దరూ వ్యాధి మూలాల్లో ఒకటిగా గుర్తించారు.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలోని పదకొండవ అధ్యాయం ఈ వ్యాసానికి కీలకం. ప్రమేహ చికిత్స చెబుతూ సుశ్రుతుడు రోగులను వారి స్థితిగతులను బట్టి విభజించాడు. ధనం, బంధువులు లేనివాడు చెప్పులు, గొడుగు లేకుండా, భిక్షాన్నంతో బతుకుతూ, ఏ ఊళ్లోనూ ఒక్క రాత్రికి మించి ఉండకుండా, మునిలా నిగ్రహంతో నూరు యోజనాలు లేదా అంతకు మించి నడవాలి. సంపన్నుడు చామలు, నివ్వరి ధాన్యం, ఉసిరి, వెలగ వంటి వాటితో జీవిస్తూ మృగాలతో కలిసి నివసించాలి, ఎల్లప్పుడూ ఆవుల వెంట నడవాలి. మరికొందరు నిరంతరం పొలం దున్నాలి, లేదా బావి తవ్వాలి. కృశించిన రోగిని మాత్రం ఎల్లవేళలా కాపాడుకోవాలి.

ఈ విధిలో మూడు విషయాలు గమనించదగినవి. మొదటిది, సుశ్రుతుడు నడకను ఒంటరి వ్యాయామంగా మాత్రమే చెప్పలేదు. అది యాత్రగానో, వ్యవసాయంగానో, పశుపాలనగానో ఒక పనిలో కలిసిపోయి ఉంది. రెండవది, సంపన్నుణ్ణి నడిపించే బాధ్యతను ఆయన పశువుకు అప్పగించాడు. ఆవు మేత కోసం కదిలితే మనిషి కదలక తప్పదు. కదలాలా వద్దా అన్న నిర్ణయం రోగి చేతిలో ఉండదు. మూడవది, బలహీనుడికి ఈ శ్రమ వర్తించదన్న హెచ్చరిక. వ్యక్తిని బట్టి చికిత్స మారాలన్న వివేకం ఇందులో ఉంది.

ఈ అధ్యాయంలోని ప్రతి అంశాన్నీ ఈనాడు ఆచరించమని చెప్పడం ప్రమాదకరం. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడిస్తే తెలియకుండానే గాయాలవుతాయి, అవి పుండ్లుగా మారుతాయి. ప్రాచీన గ్రంథం నుండి స్వీకరించవలసినది దాని వెనుక ఉన్న ఆలోచన మాత్రమే.

3. తెలుగు సాహిత్య, జానపద సంప్రదాయాల్లో శునకం

తెలుగు సాహిత్యంలో కుక్క స్థానం ద్వంద్వమైనది. శతకాల్లో అది నీచత్వానికి ఉపమానం. ఇతిహాసంలో ధర్మానికి రూపం. నన్నయ ఆదిపర్వ ఆరంభంలోనే సరమ వృత్తాంతం వస్తుంది. జనమేజయుని తమ్ముళ్లు ఏ తప్పూ చేయని కుక్కపిల్లను కొడతారు. దాని తల్లి సరమ రాజును నిలదీసి, ఉచితానుచితాలు విచారించకుండా దుర్బలులకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వస్తాయని హెచ్చరిస్తుంది. తిక్కన రచించిన మహాప్రస్థానిక పర్వంలో తమ్ముళ్లు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోగా ధర్మరాజు వెంట చివరిదాకా నడిచినది ఒక కుక్క. దాన్ని విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పట్టుబడతాడు. ఆ కుక్క యమధర్మరాజేనని తరువాత తెలుస్తుంది. ఈ విధంగా భారతకథ ఆరంభంలో దెబ్బతిన్న కుక్క, చివరి ఘట్టాల్లో తోడు నడిచిన కుక్క కనిపిస్తాయి.

జానపద సంప్రదాయంలోనూ కుక్కకు గౌరవస్థానం ఉంది. దక్కనులో మైలారదేవుడు, ఖండోబా, మల్లన్న అన్న పేర్లతో కొలిచే పశుపాలకుల దైవాన్ని కుక్కతో కలిపి చూపే సంప్రదాయం ఉంది. మల్లన్న కథను తెలంగాణలో ఒగ్గు కళాకారులు గానం చేస్తారు. మందను కాచే కుక్క కాపరికి ఎంత ముఖ్యమో అతని దైవానికీ అంతే ముఖ్యమన్న భావన ఇందులో వ్యక్తమవుతుంది.

సూర్యాపేటకు సమీపంలోని దురాజ్‌పల్లి గుట్టపై రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే లింగమంతులస్వామి జాతర ఇదే పశుపాలక సంస్కృతికి చెందినది. పెద్దగట్టు జాతర, గొల్లగట్టు జాతర అన్న పేర్లతో ఇది ప్రసిద్ధం. తెలంగాణలో మేడారం సమ్మక్క–సారలమ్మ జాతర తరువాత పెద్దదిగా దీన్ని చెబుతారు. యాదవులు ప్రధానంగా జరుపుకొనే ఈ జాతరలో భక్తులు ‘ఓ లింగా’ అంటూ గుట్టకు చేరుకుంటారు. పశుపాలనే జీవనాధారంగా ఉన్న కాలంలో ఈ ప్రాంతపు మనిషి ఎంత నడిచాడో గుర్తు చేసే సాంస్కృతిక ఆధారం ఇది.

4. మంద వెంట నడక నుండి కాలువ గట్టు దాకా

నల్లగొండ ప్రాంతం మొదటినుంచీ మెట్టభూమి. జొన్న, సజ్జ, ఆముదం ఇక్కడి ప్రధాన పంటలు. గొల్లలు, కురుమలు గొర్రెలు, మేకల మందలతో మేత ఉన్న చోటికి కదిలేవారు. కురుమలకు గొంగడి నేత కూడా వృత్తి. ఎండాకాలం మేత, నీరు వెతుక్కుంటూ దూరప్రాంతాలకు వలస వెళ్లడం, రాత్రిపూట రైతుల పొలాల్లో మంద పెట్టి ఎరువుకు బదులుగా ధాన్యం తీసుకోవడం కాపరి జీవితంలో భాగాలు. ఈ ప్రయాణంలో మందకు ఒక చివర కాపరి, మరో చివర కుక్క. తోడేలు, నక్క, దొంగ దగ్గరికి వస్తే ముందుగా పసిగట్టేది కుక్క. ఈ నడకకు ఎవరూ వ్యాయామమని పేరు పెట్టలేదు. అది బతుకుతెరువు. ఈ వృత్తిని ఇవాళ ఆరోగ్యం పేరుతో ఆదర్శీకరించడం పొరపాటు. ఎండ, వాన, అప్పు, అక్షరాస్యత లేకపోవడం కూడా ఆ జీవితంలో భాగాలే.

నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఈ భూమి స్వరూపాన్ని మార్చింది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. లాల్‌బహదూర్ కాలువగా పిలిచే ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరిసాగు కేంద్రాలయ్యాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపొందింది. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై ఉన్న సూర్యాపేట, కోదాడ వాణిజ్యకేంద్రాలుగా పెరిగాయి. కాలువ నీరు ఆకలిని తగ్గించింది, పిల్లల చదువుకు దారి చూపింది. ఇది కాదనలేని మేలు.

అదే సమయంలో రెండు మార్పులు కలిసి వచ్చాయి. జొన్న రొట్టె, గటక స్థానంలోకి మూడు పూటలా తెల్లని అన్నం వచ్చింది. బీడు భూములు మాగాణులు కావడంతో మేత తగ్గింది, మందలు తగ్గాయి. ద్విచక్ర వాహనం, ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక రైతు నడక కూడా తగ్గింది. కొత్త ధాన్యం, కూర్చునే సుఖం అని చరకుడు పేర్కొన్న కారణాలు రెండూ ఒకే తరంలో ఇక్కడికి చేరాయి. ఈ ప్రాంతపు మధుమేహాన్ని కేవలం వ్యక్తుల అలవాట్లుగా కాకుండా భూమి, నీరు, వృత్తుల మార్పుగా కూడా చదవవలసి ఉంది.

5. ప్రయోగశాలలో శునకం

ఆధునిక మధుమేహ వైద్యం కుక్కకు రుణపడి ఉంది. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్కకు క్లోమాన్ని తొలగించగా దానికి తీవ్రమైన మధుమేహం వచ్చింది. ఈ వ్యాధికీ క్లోమానికీ ఉన్న సంబంధం దానితో రుజువైంది. 1921 వేసవిలో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ కుక్కలపై జరిపిన ప్రయోగాలు ఇన్సులిన్ ఆవిష్కరణకు దారితీశాయి. క్లోమం తొలగించిన మార్జొరీ అనే కుక్క ఇన్సులిన్ సారంతో సుమారు 70 రోజులు బతికింది. 1922 జనవరిలో ఒక పద్నాలుగేళ్ల బాలుడికి ఇన్సులిన్ ఇచ్చారు. 1923లో బాంటింగ్‌కు, మెక్లియోడ్‌కు నోబెల్ బహుమతి లభించింది.

ఇన్సులిన్ వచ్చాక కూడా నడక ప్రాధాన్యం తగ్గలేదు. అమెరికన్ వైద్యుడు జోస్లిన్ మధుమేహ చికిత్సను మూడు గుర్రాల రథంతో పోల్చాడు. ఆ గుర్రాలు ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్‌పై అంతగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును గ్రహించగలదని తరువాతి పరిశోధనలు వివరించాయి.

6. చికిత్సా శునకం: భావన, పరిణామం

జంతువు సమక్షం రోగికి మేలు చేస్తుందన్న ఆలోచన పాశ్చాత్య వైద్యంలో క్రమంగా రూపుదిద్దుకుంది. 1796లో ఇంగ్లండులోని యార్క్‌లో ప్రారంభమైన మానసిక రోగుల ఆశ్రమంలో కుందేళ్లు, కోళ్ల వంటి చిన్న జంతువులను పెంచారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన పరిచర్యా గ్రంథంలో దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని పేర్కొన్నారు. 1960ల ఆరంభంలో న్యూయార్క్ మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్ తన కుక్క జింగిల్స్ గదిలో ఉన్నప్పుడు మాట్లాడని పిల్లలు కూడా స్పందించడం గమనించి, కుక్కను సహచికిత్సకుడిగా ప్రతిపాదించారు. మన పొరుగున చెన్నైలో బ్లూ క్రాస్ సంస్థ ‘డాక్టర్ డాగ్’ పేరుతో కుక్కలను పిల్లల వద్దకు, రోగుల వద్దకు తీసుకువెళ్లింది.

ఇక్కడ పదాల విషయంలో స్పష్టత అవసరం. చికిత్సా శునకం తన సంరక్షకుడితో కలిసి రోగుల వద్దకు వెళ్లే, శాంత స్వభావం పరీక్షించిన కుక్క. హెచ్చరిక శునకం ఒక్క రోగితోనే ఉండి, అతని రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయినప్పుడు వాసనతో పసిగట్టి హెచ్చరించేది. చక్కెర తగ్గినప్పుడు శ్వాసలో ఐసోప్రీన్ అనే రసాయనం పెరుగుతుందని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో చూపడం ఈ సామర్థ్యానికి ఒక సాధ్యమైన వివరణ. పెంపుడు కుక్క ఈ రెండింటికీ భిన్నం. అయితే నడక విషయంలో ఎక్కువ ఆధారాలు లభిస్తున్నది దాని గురించే.

7. నడక, శునకం, మధుమేహం: ఆధారాల పరిశీలన

నడక విలువ గురించి సందేహం లేదు. 2002లో ప్రచురితమైన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ లక్ష్యంగా జీవనశైలి మార్చుకున్నవారిలో వ్యాధి వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. చెన్నైలో జరిగి 2006లో ప్రచురితమైన భారతీయ అధ్యయనంలో ఈ తగ్గుదల 28.5 శాతం.

కుక్క విషయంలో ఆధారాలు ఆసక్తికరమైనవే కానీ నిర్ణయాత్మకం కావు. స్వీడన్‌లో 34 లక్షల మంది వివరాలతో 2017లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఒంటరిగా నివసించేవారిలో కుక్కను పెంచేవారికి మరణ ప్రమాదం 33 శాతం తక్కువగా కనిపించింది. ఇది సంబంధాన్ని చూపుతుంది, కారణాన్ని రుజువు చేయదు. ఆరోగ్యంగా ఉన్నవారే కుక్కను పెంచుతూ ఉండవచ్చు. అదే దేశం నుండి 2020లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేస్తుంది. మధుమేహం ఉన్న కుక్కల యజమానులకు, మధుమేహం లేని కుక్కల యజమానులతో పోలిస్తే, టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం 38 శాతం ఎక్కువగా ఉంది. పిల్లులు, వాటి యజమానుల మధ్య ఇటువంటి సంబంధం కనిపించలేదు. కుక్క, యజమాని కలిసి నడుస్తారు, లేదా కలిసి కూర్చుంటారు. ఒకరి కదలిక మరొకరి ఆరోగ్యాన్ని ప్రభావితం చేస్తుండవచ్చునన్నది ఒక వివరణ.

కుక్క రోగికి చేసే సాయం మందు వంటిది కాదు. తెల్లవారగానే అది తలుపు దగ్గర నిలబడుతుంది. దాని అవసరం కోసం మనిషి లేవక తప్పదు. ఆవుల వెంట నడవమన్న సుశ్రుతుని విధిలో పనిచేసే సూత్రం ఇదే.

8. మూడు పట్టణాల సందర్భంలో అన్వయం

ఈ పద్ధతిని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలకు అన్వయించేటప్పుడు ఎదురయ్యే మొదటి ప్రశ్న వీధికుక్క. తెలంగాణ పట్టణాల్లో ఉదయపు నడకకు బయలుదేరే వృద్ధుల చేతిలో కర్ర ఉండడం సాధారణ దృశ్యం. ఆ కర్ర మోకాలి నొప్పికి మాత్రమే కాదు, కుక్కల భయానికి కూడా. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులోని అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఒక బాలుడు మరణించిన సంఘటన ఈ భయాన్ని మరింత పెంచింది. ప్రపంచ రేబిస్ మరణాల్లో 36 శాతం భారతదేశంలోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మధుమేహికి కుక్కకాటు గాయం మానడం కూడా ఆలస్యమవుతుంది. ఒకప్పుడు నడకకు తోడైన జంతువు ఇవాళ నడకకు అడ్డంకిగా మారింది. ఈ ప్రాంత చరిత్రలోని విషాదం ఇదే.

ఈ మార్పుకు కుక్క బాధ్యత లేదు. మంద పోయాక కాపలా పని పోయింది. పట్టణం పెరిగాక చెత్తకుప్ప దాని ఆహారస్థానమైంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే తిరిగి వదలాలి. ఈ పనిని పురపాలక సంఘాలు క్రమం తప్పకుండా చేయడం మధుమేహ నివారణలో భాగమేనన్న దృష్టి ఇంకా ఏర్పడవలసి ఉంది. సూర్యాపేట సద్దుల చెరువు కట్టను మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చిదిద్దడం వంటి పనులు నడకకు చోటు కల్పించాయి. ఇంటి నుండి ఆ చోటికి చేరే వీధి కూడా అంతే సురక్షితంగా ఉండాలి. ముఖ్యంగా స్త్రీలకు, వృద్ధులకు ఇది అవసరం.

చికిత్సా శునకాలతో నడక కార్యక్రమాన్ని రూపొందిస్తే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఎండాకాలంలో తారురోడ్డు కుక్క పాదాలను కాలుస్తుంది కనుక నడక వేకువకే పరిమితం కావాలి. ఇన్సులిన్ వాడేవారు చక్కెర పడిపోయే ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొని వైద్యుని సలహాతోనే నడవాలి. పాదాలకు పుండ్లు ఉన్నవారిని కుక్కకు దూరంగా ఉంచాలి. మతాచారం వల్లనో, భయం వల్లనో కుక్కను తాకడానికి ఇష్టపడని కుటుంబాలను బలవంతం చేయరాదు. రోగి స్థితిని బట్టి ఒకరికి యాత్ర, ఒకరికి పశుపాలన, ఒకరికి దుక్కి అని విభజించిన సుశ్రుతుని పద్ధతి ఇక్కడ మార్గదర్శకం. కుక్క వద్దనుకున్నవారికి ఆవు, మేక, పెరటి తోట, చివరికి మనవడిని బడికి నడిపించుకుపోయే పని కూడా అదే ప్రయోజనాన్ని ఇవ్వవచ్చు.

2019లో సూర్యాపేట, నల్లగొండల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. కాపరుల జీవనం, కాలువ కింది గ్రామాల జీవనం, మిల్లు కార్మికుల శ్రమ ఈ మూడింటినీ పోల్చి చూసే అధ్యయనాలకు వైద్య, సామాజిక, సాహిత్య విభాగాలు కలిసి పూనుకోవచ్చు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. జంతువు వెంట నడవడం ద్వారా ప్రమేహాన్ని అదుపు చేయాలన్న ఆలోచన సుశ్రుతసంహితలో స్పష్టంగా ఉంది. ఆధునిక చికిత్సా శునక పద్ధతి దాని నుండి పుట్టలేదు. రెండూ వేర్వేరు దారుల్లో ఒకే సూత్రాన్ని చేరాయి.

2. నల్లగొండ ప్రాంతంలో కుక్కతో నడక గొల్ల, కురుమల వృత్తిలో అంతర్భాగం. సాగునీరు, వరి, వాహనాలు తెచ్చిన మేలుతో పాటే ఆ నడక క్షీణించింది.

3. ఇన్సులిన్ ఆవిష్కరణలో కుక్క ప్రాణం ఇచ్చింది. చికిత్సా శునకంగా ఇప్పుడు రోగికి తోడు నడుస్తున్నది. ఈ పద్ధతిపై ఆధారాలు ఆశాజనకమైనవే కానీ సంపూర్ణం కావు. ఇది మందుకు, ఆహార నియమానికి ప్రత్యామ్నాయం కాదు.

4. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఈ పద్ధతి ఫలించాలంటే ముందు వీధి సురక్షితం కావాలి. వీధికుక్కకు టీకా వేయడం, మనిషికి నడక నేర్పడం ఒకే పనిలోని రెండు భాగాలు.

సరమ హెచ్చరికను మరిచిన సమాజానికి ధర్మరాజు వెంట నడిచిన కుక్క దొరకదు. దెబ్బలు తిని భయపడిన జంతువు భయపెడుతుంది, ఆదరణ పొందినది తోడు వస్తుంది. మధుమేహికి కావలసినది ఆ తోడు.